జూన్ పువ్వు కలిపిన పాలు

వెర్లా వదిన బుద్ధెరిగాక ఒక్క గుక్క టీ తాగలేదు. కాఫీ తాగలేదు. బీరు వాసన ఎలా ఉంటుందో తెలియదు. ఇందులో గొప్పేమీ లేదు. యూటా రాష్ట్రం నడిమధ్య శాన్‌పీట్ లోయలో, మా మోర్మన్ల ఊళ్లో, ఎక్కువమంది అంతే. మా మతంలో అవి కూడవు. ఆకులూ మూలికలూ మంచివి. మిగతావాళ్లకి ఇది చిన్నప్పటి అలవాటు, అంతవరకే. వదినకి ఇంకొంచెం ఎక్కువ. కూడదని పేరు పెట్టి చెప్పినదాన్ని ఆమె ముట్టదు. పేరు పెట్టి చెప్పనిదాని గురించి ఆలోచించదు. ఆమె పోవడానికి కాలేయం కారణమని డాక్టర్లు రాశారు. నన్నడిగితే ఆ ఆలోచించకపోవడమే కారణమంటాను.

నేను ఆమె ఆడపడుచుని. మా అన్నయ్య డ్వేన్ థోరప్ టర్కీ కోళ్లు పెంచుతాడు. వదిన పెళ్లయి వచ్చిన ఏడాదే ఊరి బడి వంటగదిలో చేరి, మోకాళ్లు అరిగేదాకా అక్కడే నిలబడింది. ఏ పిల్లాడికి బఠాణీలు గిట్టవో, ఏ పిల్ల ఇంట్లో తినకుండా వస్తుందో ఆమెకి తెలుసు. సొంత పిల్లలు పుట్టలేదు. ఇంటికి ఆరుగురు ఏడుగురు పిల్లలున్న ఊళ్లో అది చిన్న లోటు కాదు. ఎవరూ ఎత్తిచూపరు, అందరూ గుర్తుచేస్తారు. ఎవరింట్లో చావు జరిగినా, కాన్పయినా, పైన కార్న్‌ఫ్లేక్సు చల్లి చీజుతో కాల్చిన బంగాళాదుంపల పళ్లెం ముందుగా చేరేది వదిన చేతుల్లోనే. అలాగని సాధువేమీ కాదు. మొండిది. కోపమొస్తే తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. ఊరి కబుర్లంటే చెవి కోసుకునేది.

ఆ కబుర్లు తెచ్చేది మార్లిస్. సాగునీటి కాలవకి అవతలి ఇల్లు. ఒకప్పుడు జుట్టు కత్తిరించేది, ఇప్పుడు సీసాలు అమ్మేది. సీసాల్లో ఆకుపచ్చ క్యాప్సూళ్లు. ఒళ్లు తగ్గుతుందని, ఓపిక పెరుగుతుందని చెప్పి మా వార్డులో, అంటే మా చర్చికి వచ్చే ఇళ్లలో, సగం ఆడవాళ్లకి అంటగట్టింది. మోసం చేసిందని నేను అనను. తనూ అవే మింగేది.

"నీ మోకాళ్ల చప్పుడు కాలవ అవతలకి వినిపిస్తోందే," అంది మార్లిస్ ఒకరోజు వదిన వంటింట్లో కూర్చుని. "ఇవి వేసుకో. పొద్దున రెండు, సాయంత్రం రెండు."

"మందులు మింగే అలవాటు నాకు లేదు."

"మందులని ఎవరన్నారే? ఆకులు. దేవుడు ఆకులు మనకోసం కాక మీ ఆయన టర్కీ కోళ్లకోసం చేశాడా?"

వదిన మూత తీసి వాసన చూసింది. "టర్కీ కోళ్లు కూడా ముట్టవు దీన్ని."

"అందుకే అవి అంత లావున్నాయి."

ఇద్దరూ నవ్వారు. వదిన ఆ రోజే మొదలుపెట్టింది. సీసా మీద పచ్చటి కొండ, జలపాతం బొమ్మ. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో లాటిన్ పేర్లు. మా దేశంలో మందు అమ్మాలంటే అది పనిచేస్తుందని, ప్రాణం తియ్యదని ముందు రుజువు చూపాలి. ఆకుపొడి క్యాప్సూల్లో నింపి అమ్మాలంటే ఆ బాధ లేదు. ఎవరికైనా ఏదైనా అయ్యాక అప్పుడు అడుగుతారు, అదీ ఎవరైనా వెళ్లి చెబితే. ఈ సంగతి చెబితే మా ఊరివాళ్లు నమ్మరు. కొట్లో పెట్టి అమ్ముతున్నారంటే ఎవరో పరీక్షించే ఉంటారని వాళ్ల ధీమా. పైగా అమ్మేది మార్లిస్, ఆదివారం పియానో వాయించే మార్లిస్.

నిజంగానే వదిన తగ్గింది. గౌన్లన్నీ బిగించి కుట్టించుకుంది. చర్చి వసారాలో ఆడవాళ్లు ఆమె నడుము మీద చెయ్యి వేసి, "ఏంటి రహస్యం సిస్టర్ థోరప్?" అని అడిగేవారు. అడిగినవాళ్లకల్లా మార్లిస్ ఇంటి దారి చూపించింది.

వేసవి చివర్లో దురద మొదలైంది. అరచేతులు, అరికాళ్లు, వీపు. వంటింటి ద్వారబంధానికి వీపు రుద్దుకునేది ఆవులాగా. తిండి సహించడం మానేసింది. మార్లిస్‌కి చెబితే, "ఒంట్లో ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తంతా బయటికి పోతోందే. రెట్టింపు వేసుకో, త్వరగా పోతుంది," అంది. వదిన రెట్టింపు వేసుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర డ్వేన్ ఫోర్కు కింద పెట్టి ఆమె మొహంకేసి చూశాడు. అన్నయ్య రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

"నీ కళ్లు చూసుకున్నావా?"

"ఏం?"

"నిన్న దింపిన కోడిపిల్లల రంగులో ఉన్నాయి."

ఊరి డాక్టరు రక్తం తీసి చూసి, ఆ సాయంత్రమే సాల్ట్ లేక్ సిటీలో పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. అన్నయ్యకి దూరం చూపు సరిగా ఆనదు, హైవే మీద నడపలేడు. కారు నేను నడిపాను. దారి పొడుగునా వదిన, తను లేకపోతే బుధవారం చర్చి విందుకి బంగాళాదుంపలు ఎవరు చేస్తారనే ఆలోచించింది.

అక్కడ కాలేయం డాక్టరు ఒకావిడ, పేరు లింక్విస్ట్. మిన్నెసోటా నుంచి కొత్తగా వచ్చింది. మా పద్ధతులు ఇంకా వంటబట్టలేదు.

"రోజుకి ఎంత తాగుతారు?" అని అడిగింది.

"నీళ్లా?"

"మద్యం."

వదిన మొహం ముడుచుకుంది. "డాక్టరమ్మా, నేను టీ కూడా తాగను."

"అప్పుడప్పుడు? పెళ్లిళ్లలో?"

"మా పెళ్లిళ్లలో పళ్లరసం ఇస్తారు."

"రోజూ వేసుకునే మందులు?"

"ఏవీ లేవు. తలనొప్పికి కూడా వేసుకోను."

డాక్టరు కాగితం మీద రాసుకుంది కానీ నమ్మినట్టు కనబడలేదు. కాలేయం చెడినవాళ్లు ఆవిడ దగ్గర ఇలాగే అంటారేమో. వదిన చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. ఆమె లెక్కలో ఆకుపచ్చవి మందులు కావు. రకరకాల పరీక్షలు చేశారు. వైరస్ లేదు, రాళ్లు లేవు, కణితి లేదు. ఒంట్లో రక్షణ శక్తే కాలేయం మీద పడిందేమోనని స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. రంగు ఇంకా ముదిరింది. మాట ముద్దగా రావడం మొదలైంది. ఒకసారి నన్ను బడిపిల్లననుకుని, "బఠాణీలు పక్కకి నెట్టకు," అంది.

సంగతి బయటపడింది ఒక నర్సు వల్ల. భోజనం పళ్లెం తీసుకెళ్లడానికి వచ్చి, వదిన ఆపిల్ రసంతో ఏదో మింగడం చూసింది.

"ఏంటమ్మా అవి?"

"ఏం లేదు, ఆకులు. త్వరగా నయం కావాలని."

చేతిసంచిలో సీసా ఉంది. ఆసుపత్రిలో పడుకుని, రోజూ మింగుతోంది. డాక్టర్ లింక్విస్ట్ వచ్చి సీసా వెనకవైపు చదివింది, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని మళ్లీ చదివింది.

"మీరు టీ తాగనన్నారు."

"తాగను."

"ఇందులో ఉన్నది టీయే. గ్రీన్ టీ ఆకు. కప్పులో కాచుకుంటే ఎవరికీ పెద్దగా ఏమీ కాదు. ఆ ఆకు సారమంతా పిండి, ఆరబెట్టి, ఇలా కుక్కి మింగితే కొందరి కాలేయం తట్టుకోలేదు. ఎవరిది తట్టుకోదో ముందు చెప్పలేం."

చావుబతుకుల్లో ఉన్నానని అప్పటికి వదినకి తెలుసు. దానికి కన్నీరు పెట్టలేదు. ఇప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చింది.

"టీ," అంది. "నార్డా, నేను టీ మింగాను."

నాకు ఒళ్లు మండింది. కాలేయం కుళ్లిపోతుంటే ఈ గోలేంటని గట్టిగానే అన్నాను. ఆమె వినలేదు. బిషప్పుని పిలిపించమంది. చర్చి కాక మాకు వేరే పెద్ద గుడి ఉంటుంది, అందులోకి అడుగుపెట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, కూడనివి ముట్టడం లేదుకదా అని ఆయన అడుగుతాడు; ముట్టడం లేదని ఈమె చెప్పింది. అంటే అబద్ధం చెప్పినట్టే అని ఆమె బాధ. పిలిచేదాకా మమ్మల్ని నిలవనివ్వలేదు.

మాలో బిషప్పంటే జీతం లేకుండా వార్డుని చూసుకునే ఊరి మనిషే; మా బిషప్పుకి ఊళ్లో టైర్ల కొట్టు. చేతికంటిన నలుపు పూర్తిగా వదలకుండానే వచ్చాడు.

"సిస్టర్ థోరప్, తెలియక చేసింది తప్పెలా అవుతుంది? దేవుడికి ఆ మాత్రం తెలియదా?"

"నేను లాటిన్ చదువుకోలేదు బిషప్."

"నేనూ చదువుకోలేదు. టైరు మీద అంకెలు తప్ప నాకేమీ రావు." సీసా చేతిలోకి తీసుకున్నాడు. కొండ, జలపాతం చూసి ఒక్క క్షణం ఆగాడు. "ఇది... మా ఆవిడ వాడేది కూడా ఇదేనే."

ప్రార్థన కాస్త తొందరగా ముగించి వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా వాళ్లింట్లో సీసాలు చెత్తబుట్టలో పడ్డాయని తర్వాత విన్నాం. ఊళ్లో మిగతా ఇళ్లలో మాత్రం పడలేదు. తమకి ఏమీ కాలేదు కదా అని వాళ్ల వాదన. వాదన తప్పూ కాదు. ఈ ఆకు సారాల పద్ధతే అంత. వార్డులో అందరూ మింగుతారు, అందరూ బాగుంటారు, ఒక్కరికి కాలేయం చచ్చిపోతుంది. ఆ ఒక్కరూ ఎవరన్నది సీసా మీద రాసి ఉండదు.

మార్లిస్ ఎర్ర జెల్లీలో అరటిపండు ముక్కలు వేసి పట్టుకొచ్చింది. గిన్నె కింద పెట్టకుండా మంచం పక్కనే నిలబడింది.

"నన్ను తిట్టవే," అంది చివరికి.

"ఎందుకు తిట్టడం? నాకు నచ్చే వేసుకున్నా."

"రెట్టింపు చెయ్యమన్నది నేను."

"నువ్వు చెప్పిన మాట విన్నది నా జన్మలో అదొక్కసారే," అంది వదిన. "అరటిపండు తీసెయ్, నాకు వాంతి వస్తుంది."

మార్లిస్ ఆ సీసాల వ్యాపారం మానేసింది. ఏడాది తిరక్కుండా సుగంధ నూనెల వ్యాపారం మొదలుపెట్టింది. మనిషి మారడమంటే మా ఊళ్లో సాధారణంగా ఇంతే.

క్యాప్సూళ్లు ఆపినా ఆలస్యమైపోయింది. ఇంకొకరి కాలేయం దొరికితే తప్ప బతకదన్నారు. దొరికింది. ఎవరిదో చెప్పరు. కుర్రాడని, ప్రమాదంలో పోయాడని మాత్రం ఒక నర్సు నోరుజారింది. స్పృహ వచ్చాక వదిన అడిగింది ఆ కుర్రాడికి తల్లి ఉందా అని. ఎవరికీ తెలియదన్నారు. అప్పటినుంచి ఆమె కడుపు కుడిపక్క చెయ్యి వేసుకుని పడుకునేది. లివర్ అని ఎప్పుడూ అనలేదు. "అబ్బాయి" అనేది. "అబ్బాయికి ఉప్పు పడదు." "అబ్బాయి ఇవాళ బాగున్నాడు."

పిల్లల్లేని మనిషికి యాభై ఏడేళ్ల వయసులో ఎవరో కన్న కొడుకు ఇలా దొరికాడు. ఆ అబ్బాయిని నిలబెట్టుకోవడమే ఇక ఆమె పని. ఆసుపత్రివాళ్లు చెయ్యకూడనివన్నీ రాసిచ్చారు. పంపరపనస తినకూడదు. పచ్చి గుడ్డు తినకూడదు. మూలికల క్యాప్సూళ్లు, బలానికి వేసుకునే గోళీలు ఏవీ ముట్టకూడదు. కొత్త కాలేయం పరాయిదని ఒంటికి తెలియకుండా కప్పిపుచ్చే మాత్ర పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి గడియారం చూసి వేసుకోవాలి. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది. గిన్నెలు తోమే సబ్బు మీద పంపరపనస బొమ్మ ఉంటే, అది వాడొచ్చా అని ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఫోనెత్తిన పిల్ల నవ్విందట. వదినకి కోపమొచ్చింది. "కూడదో కాదో చెప్పు, నవ్వడానికేముంది?" అని పెట్టేసింది.

ఆ చలికాలం మాత్రం ఆమె మీద కొండలా కూర్చుంది. నిద్ర లేదు. ఏమీ కాకుండానే కన్నీళ్లు వచ్చేవి. ఎవరో పిల్లాడు చస్తే తను బతికిందన్న ఆలోచన పొద్దున లేచేసరికి మంచం పక్కనే ఉండేది. ఇది డాక్టరుకి చెప్పలేదు. ఎలా చెబుతుంది? ప్రాణం పోసినవాళ్ల ముందు నాకు బతకాలని లేదనడం ఎంత అన్యాయం. వార్డులో చెప్పుకునే వీలు అంతకంటే లేదు. మావాళ్లకి కృతజ్ఞత తెలుసు, దుఃఖం తెలియదు. చావింట్లో కూడా నవ్వుతూ జెల్లీ వడ్డిస్తారు. ఎవరైనా "ఎలా ఉన్నారు సిస్టర్ థోరప్?" అని అడిగితే వదిన "దేవుడి దయ" అని, ఇంటికొచ్చి కోళ్ల షెడ్డు వెనక నిలబడి ఏడ్చేది. డ్వేన్ ఒకసారి చూశాడు. ఏం మాట్లాడాలో తెలియక తన కోటు తెచ్చి ఆమె భుజాల మీద వేసి వెళ్లిపోయాడు.

అప్పుడు ఆమెకి వాళ్ల అమ్మమ్మ గుర్తొచ్చింది.

మా లోయలో సగం ఇళ్లు డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్లవి. వదిన పుట్టింటివాళ్లూ అంతే. జూన్ నెలలో పొద్దు పెద్దదైన రోజుల్లో కొండవాలు మీద పసుపు పువ్వు పూస్తుంది, చిన్నది, అయిదు రేకులు, నలిపితే వేలికి ఎర్రటి రంగు అంటుతుంది. పాతదేశంలో దాన్ని సారాయిలో నానబెట్టి, మనసు బాగాలేనివాళ్లకి ఇచ్చేవారట. మతం మారాక సారాయి కూడదు కాబట్టి వీళ్ల ముత్తవ్వలు సారాయి తీసేసి పాలు పెట్టుకున్నారు. పువ్వు మానలేదు. ఎండబెట్టి, మెత్తగా దంచి, గోరువెచ్చటి పాలల్లో తేనెతో కలిపి తాగడం ఆ కుటుంబంలో వాడుక. వదిన దాన్ని జూన్ పువ్వు అనేది. వాళ్ల చెల్లెలి ఇంట్లో పెద్ద జాడీ నిండా ఉంటే తెచ్చుకుంది.

ఫ్రిజ్ మీద కాగితం చూసుకుంది. అందులో క్యాప్సూళ్లు కూడదని ఉంది, ఇది క్యాప్సూల్ కాదు. కొట్లో కొన్నది కాదు. టీ కాదు, ఈసారి అది మరీ జాగ్రత్తగా చూసుకుంది. పాలు కూడదని ఎక్కడా లేదు. అమ్మమ్మ తొంభై ఏళ్లు బతికింది. వదిన రోజుకి రెండుసార్లు తాగడం మొదలుపెట్టింది.

కొన్ని వారాలకి ఆమెలో తేడా కనిపించింది. నిద్రపట్టింది. ఒక ఆదివారం బంగాళాదుంపల పళ్లెం మళ్లీ బయటికొచ్చింది. డ్వేన్ నాకు ఫోన్ చేసి, "పాడుతోంది," అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది.

సరిగ్గా అప్పుడే రక్తపరీక్షలో ఆ కప్పిపుచ్చే మాత్ర తాలూకు పాళ్లు పడిపోయాయి. మోతాదు పెంచారు. ఇంకా పడిపోయాయి. మళ్లీ పెంచారు. ఆసుపత్రిలో రోగుల బాగోగులు చూసే ఒకావిడ వదినని కూర్చోబెట్టి తియ్యగా మాట్లాడింది.

"చాలామంది మర్చిపోతారమ్మా. ఒంట్లో బాగున్నట్టుంటే ఒక పూట వదిలేస్తారు. మీరు చెబితే మేమేమీ అనం."

"నేను వదల్లేదు."

"ఒకటీ అరా..."

"అమ్మాయ్, ఎనిమిదింటికి మా ఇంట్లో గడియారం తప్పొచ్చు, నేను తప్పను."

డ్వేన్ లేచి నిలబడ్డాడు. పొడుగు మనిషి, టోపీ చేతిలో నలిగిపోతోంది. "మా ఆవిడ అబద్ధం చెప్పదు," అన్నాడు. ఆవిడ తల ఊపి, నమ్మకుండానే చిరునవ్వు నవ్వింది.

డాక్టర్ లింక్విస్ట్ ఈసారి తెలివిగానే అడిగాననుకుంది. క్యాప్సూళ్లేమైనా? లేవు. కొట్లో కొన్న పొడులు? లేవు. టీ? వదిన ఆవిడకేసి చూసిన చూపుకి డాక్టరు తలదించుకుంది. అడిగినదానికల్లా వదిన నిజమే చెప్పింది. ఈలోగా ఆ మాత్ర చాలక, ఒళ్లు కొత్త కాలేయాన్ని గుర్తుపట్టేసింది. దాని మీద పడింది.

నేను రెండు రోజులు ఉందామని వాళ్లింటికెళ్లాను. పొద్దున్నే వదిన పొయ్యి దగ్గర నిలబడి పాలల్లో గోధుమరంగు పొడి కలుపుతోంది. కళ్లలో మళ్లీ పసుపు.

"ఏంటది?"

"జూన్ పువ్వు. నీక్కూడా కలపనా?"

"వదినా, ఇది డాక్టరుకి చెప్పావా?"

"చెప్పడానికేముంది? పాలు." చెంచా తిప్పడం ఆపింది. నా మొహం చూసి భయపడింది. "పాలే కదే?"

జాడీలో అడుగున కొన్ని పువ్వులు దంచకుండా మిగిలాయి. ఫొటో తీసి పంపి ఫోన్ చేశాను. "ఆపించండి. ఇప్పుడే బయల్దేరి రండి," అంది డాక్టర్ లింక్విస్ట్.

ఆ పువ్వు ఏం చేస్తుందో ఆసుపత్రిలో వివరంగా చెప్పింది. కాలేయంలో మందుల్ని విరిచి బయటికి పంపే యంత్రాంగం ఒకటి ఉంటుందట. ఈ పువ్వు దాన్ని కొరడా పెట్టి పరిగెత్తిస్తుంది. వదిన వేసుకున్న ప్రతి మాత్రా పని మొదలుపెట్టేలోగా విరిగి కొట్టుకుపోయింది. గుండె మందులు, రక్తం పలచన చేసే మందులు, గర్భం రాకుండా వాడే బిళ్లలు, చాలావాటికి ఇదే గతి పడుతుంది. పువ్వు ఆపేశాక ఇంకో చిక్కు వచ్చింది. పెంచుకుంటూ పోయిన మోతాదు ఇప్పుడు విరగకుండా ఒంట్లో పేరుకుని మూత్రపిండాల్ని దెబ్బతీసింది. అది తగ్గించేసరికి కాలేయంలో పైత్యం పారే సన్నటి గొట్టాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. మందులతో తిరిగి రావన్నారు. ఇంకో కాలేయం ఇవ్వడానికి మూత్రపిండాలు అడ్డం. డాక్టరు ఇవన్నీ చెప్పేసి, తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"పాలల్లో ఏం కలుపుతారని నేను అడగాల్సింది," అంది.

"నేను చెప్పాల్సింది," అంది వదిన. "మీరు అడిగినవి కాదు, నేను మింగినవి. అవి రెండూ ఒకటే అనుకున్నా."

కారులో తిరిగొచ్చేటప్పుడు కుడిపక్క చెయ్యి వేసుకుని కూర్చుంది. "వాళ్లమ్మకి ఏమని చెప్పను," అని ఒకసారి అంది. ఎవరి అమ్మ అని నేను అడగలేదు.

వదిన ఆ శరత్కాలంలో, కోళ్లని లారీలకెక్కించే రోజుల్లో పోయింది. అంతకుముందు జులై మొదటి ఆదివారం చర్చికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. మాకు నెలలో మొదటి ఆదివారం ఉపవాసం. ఆ రోజు ప్రసంగాలుండవు. ఎవరికి తోస్తే వాళ్లు లేచి మైకు దగ్గరికెళ్లి తమ సంగతి చెప్పుకుంటారు. చెప్పే సంగతి ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది: కష్టం వచ్చింది, ప్రార్థన చేశాం, తీరింది. డ్వేన్ ఆమెని చక్రాల కుర్చీలో ముందుకి తోసుకెళ్లాడు. బిషప్పు మైకు వంచి పట్టుకున్నాడు.

"నేను కూడనిదేదీ చెయ్యలేదు," అంది వదిన. గొంతు సన్నగా ఉంది. "రెండుసార్లు ఒళ్లు పాడుచేసుకున్నాను. మొదటిసారి ఆకులు, రెండోసారి పువ్వు. మీ డాక్టరు మందులు అంటే మాత్రలే అనుకుని అడుగుతాడు. మీరు మాత్రలే చెబుతారు. అలా చెయ్యకండి. నోట్లో పెట్టుకున్న ప్రతిదీ చెప్పండి. అమ్మమ్మ ఇచ్చిందైనా, సిస్టర్ ఎవరో ఇచ్చిందైనా." అక్కడ ఆగింది. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది. "పువ్వు ఎందుకు తాగానంటే, నాకు చచ్చిపోవాలనిపించేది. మీరెవరైనా అడిగితే బాగున్నాననేదాన్ని."

వెనక వరసలో ఒక పసిపిల్ల ఏడిస్తే తల్లి బయటికి తీసుకెళ్లలేదు. బిషప్పు ఆమెన్ అన్నాడు, అందరూ అన్నారు.

సభ అయ్యాక వసారాలో ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. చేతులు నిమిరారు, చెంపలకి ముద్దుపెట్టారు. నలుగురు పిల్లల తల్లి ఒకామె, నవ్వు తప్ప నేనెప్పుడూ చూడని మొహం, కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెల్లిగా అడిగింది, ఆ పువ్వు ఏ కొండ మీద పూస్తుందని. "అందుకే చెప్పానా తల్లీ ఇంతసేపు," అంది వదిన. ఆమె కళ్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయింది. ఇంకొకామె ఇదే ప్రశ్న నన్నడిగింది. నాకు తెలియదన్నాను.

వసారా ఖాళీ అయ్యేదాకా మార్లిస్ పియానో దగ్గర కాగితాలు సర్దుతూ ఉండిపోయింది. అందరూ పోయాక వచ్చి కుర్చీ పిడి పట్టుకుంది.

"ఒసేయ్ వెర్లా."

"ఏంటే."

"ఆ పువ్వు పనిచేసిందా?"

వదిన ఆమెకేసి చాలాసేపు చూసింది. నలభై ఏళ్లుగా కాలవ అవతలి ఇంట్లో ఉన్న మనిషిని, జోకులు తప్ప ఇంకేమీ పలకని మనిషిని, అప్పుడే చూస్తున్నట్టు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పొద్దని.

వెర్లా వదినకి అబద్ధమాడడం రాదు.

"పనిచేసిందే," అంది.